ఐతారం పూట జపాన్ పాట



ఈ వారం ముచ్చట మా అక్క ఇంట్లో మొదలైంది. ఊరు చిట్కుల్. పటాన్‌చెరు మండలం, ఇస్నాపూర్ చౌరస్తాకు దగ్గర. ఒకవైపు పాశమైలారం కంపెనీలు, ఇంకోవైపు పటాన్‌చెరు కంపెనీలు. ఆ కంపెనీల నీళ్ళు మోసి మోసి పాడైన నక్కవాగు మా దిక్కు నుంచే పోయి మంజీరలో కలుస్తుంది. ఈ పేర్లు మీలో చాలామందికి కాలుష్యం వార్తల్లో తెలిసినవే. ఇయ్యాల చెప్పేది ఆ సంగతి కాదు. ఒక పాట సంగతి.

మా అక్క కొడుకు ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు లేబర్. వారానికి ఆరు రోజులు షిఫ్టు. ఓటీ పడితే ఏడో రోజు కూడా పోతాడు. మొన్న చాన్నాళ్ళకు వాడికి ఐతారం ఖాళీ దొరికింది. పొయ్యి మీద పెద్దకూర ఉడుకుతోంది. వాడు మంచం మీద పడుకొని ఫోన్లో పాటలు పెట్టిండు. తెలుగు కాదు, హిందీ కాదు.

“ఇదేం భాషరా అల్లుడా?”

“జపాన్ పాటలు మామా. సెలవు రోజు వినేటియి. అర్థం కాకున్నా మనసు నిమ్మలమైతది.”

నిజమే, నిమ్మలంగానే ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. అందులో ఒక పాట మెల్లగా, ఆడగొంతుతో మొదలైంది. మా అక్క ఉల్లిగడ్డలు కోస్తూ చెయ్యి ఆపింది.

“గిది జోలపాటనారా?”

“అవునే అమ్మా. జోలపాటనే అని రాసుంది.”

“జోలపాట గాదు. పిల్లను పండవెట్టేటట్టు లేదు. ఆ పాడే పొల్లకే నిద్ర లేదు.”

అక్కకు జపాన్ భాష ఒక్క ముక్క రాదు. బడికి పోయింది రెండేళ్ళే. కానీ ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ పాట పేరు ‘తకెదా నో కొమోరిఉతా’. తకెదా జోలపాట అని అర్థం. బిడ్డను నిద్రపుచ్చడానికి తల్లి పాడిన పాట కాదది. పరాయి ఇంటి బిడ్డను వీపున కట్టుకొని తిరిగే ఒక పేదపిల్ల తన కష్టం చెప్పుకున్న పాట. ఆ పిల్లది ఏ వాడ అనుకున్నారు? జపాన్‌లో అంటరాని వాడ.

అవును, జపాన్‌లో. అంటరానితనం హిందూ సమాజపు రోగమే, వేరే దేశాల్లో లేదు అనుకునేవాళ్ళు ఈ ముచ్చట ఆసాంతం చదవాలి. పారిశ్రామికంగా ఎదిగితే, చదువు పెరిగితే కులం దానంతట అదే పోతుంది అని నమ్మే విద్యార్థి మిత్రులు ఇంకా జాగ్రత్తగా చదవాలి.

1. వాడ అనే మాట

తకెదా అనేది క్యోటో నగరంలో ఫుషిమి అనే ప్రాంతంలోని ఒక పేట. క్యోటో అంటే జపాన్‌కు వెయ్యేళ్ళకు పైగా రాజధాని, గుళ్ళు గోపురాల ఊరు. ఆ నగరం అంచున ఉన్న తకెదాలో ఒక బురకు ఉంది.

బురకు అంటే మామూలు జపాన్ భాషలో పల్లె, గూడెం అని. అందులో తిట్టేమీ లేదు. కానీ ‘ఆయన బురకు మనిషి’ అంటే అర్థం మారిపోతుంది. మనకు తెలియనిదా? నిఘంటువులో ‘వాడ’ అంటే ఇళ్ళ వరుస. ఊళ్ళో ‘వాడోళ్ళు’ అంటే ఎవరో అందరికీ తెలుసు.

తోకుగావా పాలకుల కాలంలో, అంటే 17వ శతాబ్దం మొదటి నుంచి 1868 దాకా, జపాన్ సమాజాన్ని పుట్టుకను బట్టి అంతస్తులుగా బిగించారు. అందరికంటే కింద ‘ఎతా’, ‘హినిన్’ అని రెండు పేర్లు. ఎతా అని రాసే అక్షరాలకు ‘మైల మెండుగా ఉన్నవాళ్ళు’ అని అర్థం. హినిన్ అంటే ‘మనిషి కానివాడు’. చచ్చిన గొడ్డును తీయడం, తోలు ఊనడం, ఉరిశిక్షలు అమలు చేయడం, శవాల పని, ఊరి కావలి, ఇవి వాళ్ళకు కట్టబెట్టిన పనులు. ఉండేది ఊరి బయట. పెళ్ళిళ్ళు వాళ్ళలో వాళ్ళకే. చంపడం పాపం, రక్తం మైల అని బౌద్ధం పేరుతో, షింతో పేరుతో పెద్దకులాలు చెప్పాయి. ఆ పాపపు పనిని మాత్రం వీళ్ళచేత చేయించుకున్నాయి. తోలు కావాలి, తోలు తీసేవాడు వద్దు. ఇందులో మనకు కొత్త ఏముంది?

1871లో మెయ్‌జీ ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో ఎతా, హినిన్ పేర్లను రద్దు చేసింది. ఇక అందరూ సమానమంది. తర్వాత ఏమైంది? పశ్చిమ జపాన్‌లో చాలాచోట్ల పెద్దకులాల రైతులు ఆ ఉత్తర్వు మీద తిరగబడ్డారు. 1873లో మిమాసాకా ప్రాంతంలో బురకు ఇళ్ళను వందల లెక్కన తగలబెట్టారు, మనుషుల్ని చంపారు. తిరగబడ్డవాళ్ళ కోపాల్లో పన్నులున్నాయి, సైన్యంలో చేరాలన్న నిర్బంధం ఉంది, కొత్త బడులున్నాయి. కానీ తగలబడ్డది మాత్రం బురకు. కారంచేడు, చుండూరు చరిత్ర చదివినవాళ్ళకు ఈ లెక్క అర్థమవుతుంది. హక్కు కాగితం మీదికి రాగానే ఇల్లు మంటల్లోకి పోతుంది.

కాగితం మీద కూడా పూర్తిగా పోలేదు. ‘కొత్త సామాన్యులు’ అని ఒక కొత్త పేరు పెట్టి పిలిచారు. కొత్త అన్న ఆ ఒక్క మాట చాలు, పాత కులం తెలియడానికి.

బురకు యువకులు 1922 మార్చి 3న క్యోటోలో సమావేశమై ‘సుయిహెయ్‌షా’ స్థాపించారు. సుయిహెయ్ అంటే నీటిమట్టం. సమానత్వానికి ఇంతకంటే మంచి గుర్తు ఏముంటుంది? నీళ్ళు ఒక చోట ఎత్తుగా, ఒక చోట పల్లంగా నిలబడవు. ఆ సభ ప్రకటన రాసింది సైకో మంకిచి అనే బురకు యువకుడు. జాలి చూపించే వాళ్ళు మాకు వద్దు, మా విముక్తి మేమే సాధించుకుంటాం, ఎతా అయినందుకు గర్వపడే కాలం వచ్చింది అన్నది దాని సారం. ఇక్కడ అదే కాలంలో హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువుల పేరుతో మనవాళ్ళను కూడగడుతున్నాడు. ఐదేళ్ళకు 1927లో బాబాసాహెబ్ మహాడ్ చెరువు దగ్గర నిలబడ్డాడు. చెరువు నీళ్ళ కోసం ఇక్కడ, నీటిమట్టం పేరుతో అక్కడ.

2. సెలవు లేని పిల్ల

ఇప్పుడు పాటలోని పిల్ల దగ్గరికి వద్దాం.

కొమోరి అంటే బిడ్డను చూసుకునేది. జపాన్ పల్లెల్లో పేద ఇళ్ళ ఆడపిల్లల్ని ఏడెనిమిదేళ్ళకే కలిగిన ఇళ్ళలో పనికి పెట్టేవాళ్ళు. బిడ్డను గుడ్డతో వీపుకు కట్టుకొని దినమంతా తిరగడమే పని. ఎక్కువసార్లు జీతం ఉండదు. తిండి, బట్ట, ఇంట్లో తినే నోరు ఒకటి తగ్గడం, అంతే. బడి అన్నది లేదు. మెయ్‌జీ కాలంలో వీళ్ళ కోసం కొన్నిచోట్ల ప్రత్యేకంగా కొమోరి బడులు పెట్టారు. వీపున బిడ్డతోనే వచ్చి కూర్చొని అక్షరాలు నేర్చుకున్నారు.

ఈ పిల్లలు కట్టుకున్న పాటలు జపాన్‌లో చాలా ఉన్నాయి. కుమమోతో కొండల్లోని ఇత్సుకి అనే ఊరి జోలపాట అన్నిటికంటే పేరున్నది. అక్కడ భూమి కొన్ని దొర కుటుంబాల చేతుల్లో ఉండేది. వాళ్ళ కింద కౌలు చేసుకొని బతికేవాళ్ళ బిడ్డలు కొమోరిలుగా పోయేవాళ్ళు. తకెదా పాటకు తోడు ఇంకొక బరువుంది. అది బురకు పిల్ల పాట. పండుగ వస్తుంది, అది దాటితే చలి మొదలవుతుంది, వీపున బిడ్డ ఏడుపు ఆపదు, అవతల అమ్మానాన్నల ఇల్లు కనబడుతుంది, పోవడానికి లేదు. పాటలో ఉన్నది ఇదే.

ఆ పండుగ పేరు బోన్. మన పెత్రమాస లాంటిది, పెద్దలకు పెట్టుకునే పండుగ. ఆ కాలంలో జపాన్‌లో పనివాళ్ళకు, దుకాణాల్లో పని నేర్చుకునే పిల్లలకు ఏడాదికి రెండే సెలవులు. మొదటి నెల 16న ఒకటి, బోన్ అయిపోయాక ఏడో నెల 16న ఒకటి. ఆ సెలవును ‘యబుయిరి’ అనేవాళ్ళు. ఆ రోజు యజమాని ఒక జత బట్టలిచ్చి ఇంటికి పంపేవాడు. ఏడాదికి రెండు రోజులు! ప్రభుత్వ ఆఫీసులకు 1876లోనే ఐతారం సెలవు వచ్చింది. ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళకు, పిల్లలకు 1911లో చేసిన చట్టం 1916లో అమల్లోకి వచ్చింది. అది ఇచ్చింది నెలకు రెండు రోజులు. ఎవరిది పెద్ద కుర్చీ అయితే వాళ్ళకు ముందు సెలవు.

నేను ఇదంతా అక్కకు చెప్తుంటే అల్లుడు లేచి కూర్చున్నాడు. అక్క ఉల్లిగడ్డలు పక్కన పెట్టింది.

“నేను గూడ ఉన్న గదరా,” అన్నది.

నాకు తెలుసు. అల్లుడికి తెలియదు.

మా నాయిన చేసిన అప్పుకు అక్కను తొమ్మిదో ఏట పక్క ఊళ్ళో ఒక పటేలు ఇంట్లో పెట్టారు. పటేలు కోడలికి కొత్తగా బిడ్డ పుట్టింది. బిడ్డను ఎత్తుకోవాలి, ఆడించాలి, తొట్టె ఊపాలి. ఇంట్లో వంటకాడికి మాత్రం పోవద్దు. బిడ్డను ముట్టుకోవచ్చు, బిందెను ముట్టుకోవద్దు. రెండేళ్ళు ఉంది. ఉగాదికి ఒకసారి, పెత్రమాసకు ఒకసారి ఇంటికొచ్చేది. ఆ రెండు రోజుల్లో కూడా పొద్దు గూకకముందే పోవాలి.

“పిల్లను ఊపుకుంట మరి ఏం పాడేదానివే?” అని అడిగాడు వాడు.

“ఏదో ఒకటి. మా అవ్వ మీద కోపం, పటేలమ్మ మీద కోపం, అన్ని అండ్లనే కలిపి పాడేది. పిల్లకేం తెలుస్తది? ఊపుతె పంటది.”

ఆమె ఆ రోజు రెండు ముక్కలు పాడి వినిపించింది. అవి ఇక్కడ రాయను. అవి ఆమెవి. రాయమంటే రాస్తా.

నిజాం ప్రభుత్వం 1936లోనే భగేలా ఒప్పందాల మీద చట్టం తెచ్చింది. భగేలా అంటే అప్పుకు కట్టుబడ్డ జీతగాడు. స్వతంత్ర భారతం 1976లో వెట్టి కార్మిక వ్యవస్థను రద్దు చేస్తూ చట్టం చేసింది. మా అక్కను పనికి పెట్టింది ఆ చట్టం వచ్చిన తర్వాతే. చట్టాల తారీఖులు చదివి పరీక్షలు రాసే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆ తారీఖుల పక్కన మీ ఇంటి పెద్దల వయసు రాసి చూసుకోండి. అప్పుడు తెలుస్తుంది చట్టం మీ వాడకు ఎన్నేళ్ళు నడిచి వచ్చిందో.

3. పాట ఒకటి, పేరు కడిగేసింది ఇంకొకరు

1960ల నడుమ సంగీతకారుడు ఓనోఎ కజుహికో ఒక నాటకానికి సంగీతం చేస్తూ ఈ పాటను తకెదా బురకులో ఒక ముసలమ్మ దగ్గర విని రాసుకున్నాడు. ఆ నాటకం సుమీ సూయె అనే రచయిత్రి రాసిన ‘వంతెన లేని నది’ నవల ఆధారంగా వచ్చింది. బురకు పిల్లల జీవితం మీద, సుయిహెయ్‌షా పుట్టుక మీద వచ్చిన గొప్ప నవల అది. మొదట్లో పాటకు తన వాడ తెలుసు, తన ఉద్యమం తెలుసు.

అక్కడి నుంచి జానపద గాయకుల నోట్లో పడి ‘అకాయ్ తోరి’ అనే బృందానికి చేరింది. ఎర్ర పిట్ట అని అర్థం. పాడిన ఆ పిల్లలకు మొదట్లో అది ఏ తకెదానో, ఎవరి పాటో కూడా తెలియదు. 1969లో ఒక పెద్ద పోటీలో గెలిచారు. 1971లో రికార్డు విడుదలైంది. లక్షల కాపీలు అమ్ముడుపోయింది.

తర్వాత ఒక విచిత్రం జరిగింది. పాట టీవీల్లో, రేడియోల్లో వినబడడం తగ్గి, దాదాపు ఆగిపోయింది. ఎందుకు? పాటలో ‘జైషో’ అనే మాట ఉంది. సొంత ఊరు అని మామూలు అర్థం. క్యోటో దిక్కు మాత్రం అది బురకుకు వాడే మాట. అది బురకు పాట అని తెలిసేసరికి ప్రసారం చేసేవాళ్ళు భయపడ్డారు. వేస్తే ఏ గొడవ వస్తుందో, ఎవరు వచ్చి నిలదీస్తారో అని.

1999లో మోరి తత్సుయా అనే దర్శకుడు ఇట్లా వినబడకుండా పోయిన పాటల మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. ఆయన వేసిన ప్రశ్న ఒక్కటే. వీటిని నిషేధించింది ఎవరు? వెతుక్కుంటూ పోతే తేలింది ఏమిటంటే, నిషేధించిన చట్టం లేదు, ప్రభుత్వ ఉత్తర్వు లేదు. ప్రసార సంస్థలే తమకు తాము భయపడి, జాగ్రత్త పేరుతో పక్కన పెట్టాయి. ఎవరూ ఆపలేదు, అందరూ ఆపేశారు.

మిత్రులారా, ఇక్కడ కొంచెం ఆగుదాం. ఇది కులం పనిచేసే పద్ధతుల్లో చాలా తెలివైనది. తిట్టడం ఒక పద్ధతి. మాట్లాడకుండా ఉండడం ఇంకొకటి. ‘కులం గురించి ఎందుకు, ఇబ్బందిగా ఉంటుంది’ అని కాలేజీల్లో, ఆఫీసుల్లో మర్యాదగా అంటారు చూడండి, అది ఈ రెండో పద్ధతి. ఇబ్బంది ఎవరికి? పేరు ఎత్తకపోతే గాయం మానదు. గాయం చేసినవాడికి మాత్రం సుఖంగా ఉంటుంది.

ఆ రికార్డు రెండో వైపు ఇంకొక పాట ఉంది. ‘త్సుబాసా ఓ కుదసాయ్’. రెక్కలు కావాలని అడిగే పాట. అది బడి పుస్తకాల్లోకి ఎక్కింది. జపాన్‌లో దాన్ని పాడని పిల్లలు అరుదు. ఒకే రికార్డు. ఒక వైపు ఉన్న పాట బడికి పోయింది. ఇంకో వైపు ఉన్న బురకు పిల్ల బడి బయటనే నిలబడింది. ఆమె పాట ఒక్కటి మాత్రం సముద్రం దాటింది. తైవాన్‌లో ఆ వరుసకు వేరే మాటలు కట్టి ప్రార్థన పాటగా పాడుకున్నారు. వరుస బతికింది, పిల్ల మాయమైంది. ఇప్పుడు చిట్కుల్ దాకా వచ్చి మా అల్లుడి ఫోన్లో ‘మనసు నిమ్మలం’ పాటైంది.

4. డప్పు, తైకో

ఇది ఒక్క పాట సంగతే అయితే వదిలేద్దును. జపాన్ పెద్ద డోలు తైకోను మీరు సినిమాల్లో చూసే ఉంటారు. ఒలింపిక్స్ అయినా, గుడి పండుగ అయినా తైకో మోగాల్సిందే. దానికి తోలు కట్టేది ఎవరు? తరతరాలుగా బురకు చేతులు. ఒసాకా నగరంలో నానివా అనే ప్రాంతం తోలుపనికి, తైకో తయారీకి పాత పేరున్న బురకు. డోలు చేసింది వీళ్ళు, వేదిక మీద కొట్టి చప్పట్లు అందుకున్నది వేరేవాళ్ళు. ఆ లెక్క తేల్చడానికి 1987లో నానివా బురకు యువకులే ఒక తైకో బృందం పెట్టుకున్నారు. దాని పేరు ‘ఇకారి’. అంటే కోపం.

డప్పు కథ మనకు ఎవరు చెప్పాలి? చావుకు కొట్టు, జాతరకు కొట్టు, దండోరా వెయ్యి, కానీ గుడి మెట్టు ఎక్కకు. 1994 జూలై 7న ఈదుముడిలో దండోరా మొదలైనప్పుడు, తిట్టుగా ఉన్న మాదిగ అన్న మాటను పేరు చివర పెట్టుకొని, చాటింపు వేసిన డప్పునే జెండా చేసుకున్నారు. ఎతా అయినందుకు గర్వపడే కాలం వచ్చింది అని 1922లో క్యోటోలో అన్నదీ ఇదే. ఒకరిని చూసి ఒకరు నేర్చుకోలేదు. ఒకే రకం దెబ్బ తిన్నవాళ్ళు ఒకే రకంగా లేచారు.

తిండి కూడా చూడండి. ఒసాకా దిక్కు బురకుల్లో ‘సాయిబోషి’ అని ఒకటి చేస్తారు. గుర్రం మాంసమో గొడ్డు మాంసమో ఉప్పు వేసి, ఎండబెట్టి, పొగబెట్టి దాచుకుంటారు. అక్కకు చెప్తే నవ్వింది. “ఒట్టి తునకలే గదరా!” అన్నది.

5. మన ఐతారం ఎవరిచ్చారు?

పెద్దకూర దించి అన్నం తింటుంటే అల్లుడు ఒక మాట అడిగాడు. “మరి మనకు ఐతారం సెలవు తెల్లోళ్ళు ఇచ్చిండ్రా మామా, చర్చికి పోతరని?”

చాలామంది అట్లనే అనుకుంటారు. ఆఫీసులకు అది నిజమే కావచ్చు. కూలి జనానికి కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో కార్మికులు పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా వారానికి ఏడు రోజులు పనిచేసేవాళ్ళు. నారాయణ్ మేఘాజీ లోఖండే అనే మనిషి 1884లో మిల్లు కార్మికుల సంఘం పెట్టి, వారానికి ఒక సెలవు కావాలని సంతకాలు సేకరించాడు. ఆయన జోతిబా ఫూలే శిష్యుడు, సత్యశోధక్ కార్యకర్త, మాలి కులంలో పుట్టినవాడు. యజమానులు ఏళ్ళ తరబడి వినలేదు. సభల మీద సభలు పెట్టి, వేలమందిని కూడగడితే 1890 జూన్ 10న ఒప్పుకున్నారు. మన ఐతారం వెనక చర్చి గంట లేదు, ఫూలే బడి ఉంది.

ఆ తర్వాత బాబాసాహెబ్. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశాడు. జీతంతో కూడిన సెలవులు ఫ్యాక్టరీ చట్టంలోకి వచ్చింది 1945లో. వారానికి 54 గంటల పని 48కి తగ్గింది 1946లో. 1948 ఫ్యాక్టరీల చట్టంలో వారానికి ఒక సెలవు గట్టిగా రాసుకున్నారు. రాజ్యాంగం రాసిన చెయ్యే మన ఐతారానికి కూడా కాపలా కాసింది. రిజర్వేషన్ల దగ్గర బాబాసాహెబ్‌ను గుర్తుపెట్టుకునేవాళ్ళు షిఫ్టు సైరన్ దగ్గర కూడా గుర్తుపెట్టుకోవాలి.

కానీ మా అల్లుడి ఐతారం ఏమైంది? వాడు పర్మనెంట్ కాదు. మస్టర్ పడితేనే కూలి. సెలవు తీసుకుంటే ఆ రోజు కూలి పాయె. అందుకే ఓటీ అంటే ఎగబడతాడు. కాగితం మీద సెలవుంది, కంచంలో లేదు. ఏడాదికి రెండు యబుయిరి రోజులున్న పిల్లకంటే వాడు మెరుగే. ఎంత మెరుగో మీరే లెక్క వేయండి.

6. మన పక్కనే ఉన్న జపాన్

జపాన్ మనకు దూరం కాదు మిత్రులారా. చిట్కుల్ నుంచి సంగారెడ్డి దిక్కు పోతే రుద్రారం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్లు చేసే తోషిబా కంపెనీ ఉంది. ఇంకొంచెం పోతే కందిలో ఐఐటీ హైదరాబాద్. దాని భవనాలకు జపాన్ ప్రభుత్వం జైకా ద్వారా అప్పిచ్చింది, అక్కడి విద్యార్థులు జపాన్‌కు చదువుకోడానికి, ఉద్యోగాలకు పోతున్నారు. అందులో మన పిల్లలు కూడా ఉన్నారు. జపాన్ అంటే శుభ్రం, సమయపాలన, బుల్లెట్ రైలు అని విని పోతారు. అవన్నీ నిజమే. దానితోపాటు ఇంకొకటి తెలిసి పోవాలి.

1975లో జపాన్‌లో ఒక పుస్తకం బయటపడింది. దేశంలోని బురకుల పేర్లు, చిరునామాలు రాసిన జాబితా అది. రహస్యంగా అచ్చువేసి అమ్మారు. కొన్నవాళ్ళు 200కు పైగా కంపెనీలు. ఉద్యోగానికి వచ్చినవాడి సొంత ఊరు జాబితాలో ఉందో లేదో చూసుకోడానికి. ప్రపంచమంతా టీవీలు, కార్లు అమ్ముతున్న కాలమది. కొత్త మిషన్ పాత కులాన్ని చంపదు, ఒక్కోసారి దానికి చిరునామాల పుస్తకం అచ్చువేసి ఇస్తుంది. ‘మీదే ఊరు? ఊళ్ళో ఎక్కడ? ఇంటిపేరేంది?’ అని ఇక్కడ అద్దె ఇంటి ఓనరు అడిగేది కూడా ఆ పుస్తకమే, అచ్చు వేయకుండా.

బురకు ఉద్యమం ఊరికే ఉండలేదు. పోరాడి 1969లో ప్రత్యేక చట్టం సాధించుకుంది, ఇళ్ళు, బడులు, రోడ్లు వచ్చాయి. ఆ చట్టాల గడువు 2002లో ముగిసింది. 2016లో బురకు వివక్ష ఇంకా ఉందని ఒప్పుకుంటూ పార్లమెంటు ఇంకొక చట్టం చేసింది. 1871 నుంచి 2016 దాకా లెక్క పెట్టండి. 145 ఏళ్ళు. అంతర్జాతీయ వేదికల మీద బురకులు, దళితులు ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు. 2001లో డర్బన్ జాతివివక్ష వ్యతిరేక సదస్సులో ఇద్దరి గొంతూ వినబడింది. పని వల్ల, పుట్టుక వల్ల వచ్చే వివక్ష అని ఐక్యరాజ్యసమితి భాషలో వాడే మాట ఇద్దరినీ కలుపుతుంది.

7. సెలవు రోజు వినండి

పాటలు వినొద్దని చెప్పడానికి కాదు ఇదంతా రాసింది. వినండి. అలిసిన ఒంటికి పాట కావాలి. మా అల్లుడికి నేను ఇచ్చిన పాటలు మీకూ ఇస్తున్నా.

మొదటిది, తకెదా జోలపాట. కథ తెలిసింది కాబట్టి ఇంకోసారి వినండి.

రెండోది, ఇత్సుకి జోలపాట. దొరల ఊరి పిల్లల పాట.

మూడోది, ‘యోయితోమకే నో ఉతా’. మివా అకిహిరో 1960ల్లో తానే రాసి పాడిన పాట. మగ కూలీలతో సమానంగా మట్టిపని చేసే ఒక తల్లి, ఆమె పని చూసి బడిలో హేళనకు గురైన కొడుకు, చివరికి చదివి ఇంజనీరైన కొడుకు, ఇదీ కథ. కూలివాళ్ళను పిలిచే ఒక మాట అందులో ఉందని దీన్ని కూడా ప్రసారాల్లో చాన్నాళ్ళు పక్కన పెట్టారు. 2012 చివరి రాత్రి జపాన్ దేశమంతా చూసే పాటల కార్యక్రమంలో మివా దాన్ని పాడాడు. ఇంజనీరింగ్ చదివే మన పిల్లలు ఈ పాటను అమ్మ పక్కన కూర్చొని వినాలి.

నాలుగోది, అందరికీ తెలిసిన ‘ఉఎ ఓ ముయితే అరుకో’. 1961లో క్యూ సకమోతో పాడాడు. కన్నీళ్ళు కారకుండా తల పైకెత్తి నడిచే మనిషి పాట. రాసిన రొకుసుకె ఎయ్, అమెరికాతో భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా 1960లో జరిగిన పోరాటం ఓడిపోయిన బాధలో దీన్ని రాశానన్నాడు. అమెరికాలో దాని పేరు పలకరాక ‘సుకియాకి’ అని పెట్టి అమ్మారు. 1963లో అక్కడ మొదటి స్థానానికి పోయింది. సుకియాకి అంటే ఏమిటో తెలుసా? గొడ్డు మాంసం కూర! ఇది చెప్పేసరికి అల్లుడు కంచం చూసుకొని పడి పడి నవ్వాడు.

సాయంత్రం నేను లేచేసరికి వాడు తకెదా పాట మళ్ళీ పెట్టాడు. ఈసారి పడుకోలేదు. అక్క పక్కన కూర్చున్నాడు.

“అమ్మా, నువ్వు పాడినయి ఫోన్ల రికార్డు చేస్తనే. పాడు.”

“ఇప్పుడా? గొంతు యాడుంది బిడ్డా?”

“పాడవే. ఐతారమే గద.”

ఆమె గొంతు సవరించుకుంది. నేను చెప్పులు వేసుకున్నవాణ్ణి వేసుకున్నట్టే గడపలో కూర్చున్నాను.

మీ ఇంట్లో కూడా ఇట్లాంటి పాటలుంటాయి. పిల్లల్ని ఊపినవి, నాటు వేసినవి, డప్పు మీద కట్టినవి. వచ్చే ఐతారం అడగండి. రికార్డు చేయండి. ఎవరు పాడారో, ఏ ఊరో, ఏ వాడో, ఎవరి ఇంట్లో పనిచేస్తూ పాడారో అన్నీ కలిపి రాసి పెట్టండి. పాట దూరం పోతుంది, పోనీయండి. పేరు మాత్రం కడగనీయకండి.

వచ్చే వారం ఇంకో ముచ్చటతో కలుద్దాం.

జై భీమ్.